ఒకసారి చెప్పిన జవాబు

ఛందస్సు పాఠం కంప్యూటరు ప్రయోగశాలలో అక్కరకు వస్తుందని మేము కలలోనైనా అనుకోలేదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు గదా! 30 మాత్రలను లఘుగురువులతో ఎన్ని విధాల నింపవచ్చునో కనుగొనుమని మా అధ్యాపకులు ఆదేశించారు. చివరి అక్షరం లఘువైతే మిగిలేవి 29 మాత్రలు, గురువైతే 28. ఆ రెండింటి లెక్కల మొత్తమే జవాబు. ఇటలీ గణితవేత్త ఫిబొనాచి 1202లో చూపిన సంఖ్యలే ఇవి. అంతకు శతాబ్దాల ముందే ప్రాకృత ఛందోగ్రంథకర్త విరహాంకుడు ఈ మార్గం ఎరుగును.

సూత్రాన్ని ఉన్నదున్నట్లు ప్రమేయంగా వ్రాసి యంత్రానికి అప్పగించాము. 13,46,269 అని జవాబు సరిగానే వచ్చింది. కాని అందుకోసం ఆ ప్రమేయాన్ని పిలిచినది 26,92,537 సార్లు! ఐదు మాత్రల చిన్న లెక్కలోనే రెండు మాత్రల ప్రశ్న మూడు పర్యాయాలు ఎదురవుతుంది. ఇంతకుముందే చెప్పాననే సంగతి, పాపం, యంత్రానికి గుర్తుండదు.

వచ్చిన ప్రతి జవాబును ఒక పట్టికలో వ్రాసుకొని, అదే ప్రశ్న తిరిగి వచ్చినప్పుడు పట్టికలోనిదే తీసి ఇవ్వడం 'మెమోయిజేషన్'. ఇటువంటి వాటిని డొనాల్డ్ మికీ 1968లో 'మెమో ఫంక్షన్లు' అన్నాడు. పట్టిక చేర్చగా 29 కూడికలతో పని ముగిసింది.

ఆ ఉత్సాహమే మా కొంప ముంచింది. విద్యార్థి సంఖ్య ఇస్తే గ్రంథాలయ బకాయి ఉన్నదో లేదో చెప్పే ప్రోగ్రాము ఒకటి మేమే వ్రాసి ఇచ్చి ఉన్నాము. దానికీ పట్టిక తగిలించాము. ఉర్దూ విభాగపు మిత్రుడొకడు సొమ్ము చెల్లించి, రసీదు చేతబట్టుకొని నిలుచున్నాడు. ప్రోగ్రాము మాత్రం ఉదయం చెప్పిన 'బకాయి ఉన్నది' అనే మాటనే వల్లించింది. హాల్ టికెట్టు ఇవ్వలేదు. మరునాడే పరీక్ష.

మాత్రల లెక్క ఇచ్చిన సంఖ్య మీదనే ఆధారపడుతుంది. ఎన్నడు అడిగినా అదే జవాబు. బకాయి అటువంటిది కాదు, అది దస్త్రాన్ని బట్టి మారుతుంది. హాస్కెల్ వంటి శుద్ధ ప్రమేయ భాషలో, బయటి దస్త్రం చదివే పనికి దాని రకంలోనే గుర్తు ఉంటుంది. మేము వ్రాసినది పైథాన్‌లో. అక్కడ పట్టిక తగిలించడానికి ఒక్క పంక్తి చాలును, అడ్డు చెప్పేవారుండరు.

ఆ రాత్రే ఆ పంక్తి కొట్టివేశాము. మిత్రునికి హాల్ టికెట్టు మరునాటి ఉదయం, తొలి గంటకు కొద్ది నిమిషాల ముందు అందింది. అతడు మమ్ము ఒక్క మాటా అనలేదు. ఆ రసీదు మాత్రం నేటికీ జేబులోనే ఉంచుకొన్నాడు.