కత్తిని బట్టి ఒర

విశాఖపట్నంలో తోలుపని నా జీవనం. బెల్టులు, భుజాన తగిలించుకునే సంచులు ఇల్లు గడుపుతాయి. అడవుల్లో తిరిగేవాళ్ల కత్తులకు ఒరలు కుట్టడం మాత్రం నాకు ప్రాణం. కత్తి చేతిలో లేకుండా ఒర కుదరదు. అలా కొలతల కోసం, కుట్టి చూడటం కోసం ఒక్కొక్కటిగా కొన్నవే ఇప్పుడొక చెక్కపెట్టె నిండా ఉన్నాయి.

వాటిలో ఎక్కువ స్వీడన్ దేశపు మోరా కత్తులు. మోరా ఊరి పక్కనున్న ఓస్ట్‌నూర్ పల్లెలో ఫ్రోస్ట్-ఎరిక్ ఎర్సన్ 1891లో మంచు మీద కలప లాగే బళ్ల కార్ఖానా పెట్టాడు. ఆ పనికి కావలసిన కత్తులూ అక్కడే చేయించాడు. మోరా కత్తి నేటికీ పనిముట్టుగానే ఉంది, అలంకారం జోలికి పోలేదు. ఎర్రరంగు వేసిన బర్చి కర్ర పిడి, నాలుగంగుళాల అలుగు, అంచుకు ఇరువైపులా ఒక్కొక్క వెడల్పాటి ఏటవాలు. ఆ ఏటవాలును సానరాయికి పూర్తిగా ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది కాబట్టి కొత్తవాళ్లు కూడా పదును పెట్టుకోగలరు. కొన్ని రకాల్లో నడుమ గట్టి ఉక్కు, దానికి రెండు పక్కలా మెత్తని ఉక్కు పొరలు ఉంటాయి. నడిమి ఉక్కు పదును నిలుపుతుంది, పక్క పొరలు అలుగు విరక్కుండా కాస్తాయి.

సినిమాలు చూసి మూరెడు కత్తికి ఒర కావాలని వచ్చేవాళ్లుంటారు. వాళ్లను కూర్చోబెట్టి మోరా చేతికిస్తాను. తడిసిన అడవిలో నిప్పు రాజేయాలంటే ఎండుపుల్లను పలచని పొరలుగా, అవి ఊడిపోకుండా చెక్కాలి. గుడారానికి మేకులు చెక్కాలి, తాడు కోయాలి. వీటన్నిటికీ నాలుగంగుళాలు చాలు. వెదురు చీల్చడానికైతే లారీ కమాను పట్టీతో మన కమ్మరి కొట్టిన కత్తికి సాటి లేదు. వీపు మందంగా ఉంటుంది, దెబ్బకు తట్టుకుంటుంది. విజయనగరం వైపు ఒక కొలిమిలో చేయించుకున్నది నా పెట్టెలో ఉంది. మోరాలకు ఇచ్చే చోటే దానికీ ఇచ్చాను.

ఒర నాణ్యత తోలుతోనే మొదలవుతుంది. బజారులో దొరికే మెత్తని తోలు చాలావరకు క్రోమ్ లవణాలతో తయారైంది. చెప్పుల పైభాగాలకు, సంచులకు బాగుంటుంది. ఒరకు పనికిరాదు. ఎలా వంచినా ఆ ఆకారంలో నిలవదు, పైగా అందులో మిగిలిన లవణాలు ఉక్కును తింటాయి. చెట్టు బెరడు రసంలో ఊరిన తోలే కావాలి. మన దక్షిణాదిలో ఒకప్పుడు అందుకు తంగేడు చెక్క వాడి, చివర కరక్కాయ నీళ్లు పట్టించేవారు. ఈస్టిండియా తోలు పేరుతో మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఎగుమతైన సరుకు అదే. బతుకమ్మకు పూలిచ్చే తంగేడుకు ఇంత పెద్ద వర్తకం ఉండేదని చెబితే కుర్రాళ్లు నమ్మరు. తర్వాత వాటిల్ బెరడు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

మూడు మిల్లీమీటర్ల మందం తోలు తీసుకుంటాను. కత్తిని కాగితం మీద పెట్టి గీసి, కుట్టుకు చోటు వదిలి కోస్తాను. పదునువైపు రెండు పొరల మధ్య సన్నని తోలు పట్టీ దూరుస్తాను. అది లేకపోతే కత్తి దూర్చిన ప్రతిసారీ అంచు దారాన్ని కోస్తుంది. తర్వాత ఆరెతో రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా లాగి బిగిస్తాను.

పక్షుల ఫొటోలు తీసే ఒక అబ్బాయి అడిగాడు: "బాబాయ్, మిషన్ మీద కుట్టేస్తే గంటలో అయిపోద్ది కదా?" అవుతుంది. కానీ మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరస విప్పుకుంటూ పోతుంది. రెండు సూదుల కుట్టులో ఒకటి తెగినా మిగతావి బిగువుగానే ఉంటాయి. అరకు అవతల కొండల్లో కుట్టు విడిపోతే ఆ అబ్బాయి నడుముకు పదునైన ఇనుము ఆనుకుని ఉంటుంది. అందుకే గంటలో అయ్యే ఒరను నేను కుట్టను.

కుట్టాక తోలు తడిపి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన కత్తిని దూర్చి, వేళ్లతో, నున్నటి ఎముక ముక్కతో పిడి చుట్టూ నొక్కుతాను. ఈ పనికి తొందర పనికిరాదు. ఫిన్లండువాళ్ల ఒరల్లాగా పిడిలో సగం లోపలికి దిగేలా చేస్తాను, గుండీ అవసరం ఉండదు. నీడలో ఆరాక తోలు ఆ కత్తినే గుర్తుపెట్టుకుంటుంది. తలకిందులు చేసి విదిల్చినా కత్తి జారకూడదు, బొటనవేలితో నెడితే మాత్రం రావాలి. అడుగున వాననీరు కారిపోవడానికి చిన్న రంధ్రం వదులుతాను.

ఈ సముద్రపు గాలికి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో మచ్చ పడుతుంది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి కత్తులను నెలల తరబడి ఒరలో ఉంచకూడదు. నా పెట్టెలో కత్తులు ఒక అరలో, ఒరలు మరో అరలో ఉంటాయి. అలుగుకు కుట్టుమిషను నూనె రాస్తాను. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురు కడతాయి.

ఒర అప్పగించే రోజున నా ఎదుటే కత్తి తీయించి, మళ్లీ పెట్టించి చూస్తాను. ఎడమచేతివాటం వాళ్లయితే కుట్టు, బెల్టు పట్టీ అటు తిప్పి కుట్టి ఉంచుతాను. చాలామంది ఒరను గుప్పిట్లో బిగించి కత్తి లాగుతారు. అప్పుడు వేళ్లు సరిగ్గా కుట్టు మీద, అంటే పదునుకు ఎదురుగా ఉంటాయి. కుట్టు ఏనాడైనా తెగితే అంచు నేరుగా ఆ వేళ్ల మీదికే వస్తుంది. ఒర వెనకభాగాన్ని, కత్తి వీపు వైపు నుంచి పట్టుకోమని చూపిస్తాను. చెయ్యి ఆ అలవాటుకు వచ్చిందని చూశాకే డబ్బు తీసుకుంటాను.