నీళ్లకుండ మోసిన ఆ మనిషి ఎవరు?

మియాపూర్‌లో ఎవరింటికైనా వెళ్లాలంటే డోర్ నంబరు పెద్దగా అక్కరకు రాదు. ‘మెట్రో పిల్లరు ఫలానా నంబరు దగ్గర యూటర్న్ తీసుకోండి. బేకరీ పక్క సందులోకి వస్తే మంచినీళ్ల ప్లాంటు కనిపిస్తుంది. దానికెదురు అపార్ట్‌మెంటే’... ఫోన్లో దారి ఇలాగే చెబుతారు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక ఆ స్తంభాలే ఇక్కడి చిరునామాలయ్యాయి. స్తంభం కదలదు కాబట్టి ఇబ్బంది లేదు. అలాకాకుండా, ‘ఒకాయన నీళ్లు మోసుకుంటూ ఎదురుపడతాడు, ఆయన ఏ ఇంట్లోకి వెళితే మీరూ ఆ ఇంట్లోకే వెళ్లండి’ అని చెబితే? పొద్దున్నే ఏ వీధిలో చూసినా 20 లీటర్ల క్యాను భుజాన వేసుకుని మెట్లెక్కే కుర్రాళ్లే. ఎవరి వెనక వెళ్లాలి!

సరిగ్గా అలాంటి దారే రెండు వేల ఏళ్ల కిందట యెరూషలేములో ఇద్దరికి చెప్పారు. మార్కు సువార్త 14వ అధ్యాయంలో, లూకా 22వ అధ్యాయంలో ఉందా సంగతి. పస్కా పండుగ వచ్చింది. భోజనానికి చోటెక్కడని శిష్యులు అడిగారు. యేసు ఇద్దరిని పట్నంలోకి పంపుతూ వీధి పేరు చెప్పలేదు, ఇంటి యజమాని పేరు చెప్పలేదు. నీళ్లకుండ మోస్తూ ఒక మనిషి కనబడతాడు, అతని వెంట వెళ్లండి అన్నారంతే. ఆ ఇద్దరూ పేతురు, యోహాను అని లూకా రాశాడు. వాళ్లు వెళ్లారు, అంతా చెప్పినట్టే జరిగింది, మేడగది దొరికింది. క్రైస్తవ లోకమంతా తలచుకునే కడరాత్రి భోజనం ఆ గదిలోనే. కుండ మోసినవాడు మాత్రం గుమ్మం దాటాక మళ్లీ ఎక్కడా కనిపించడు. పేరు లేదు, ఒక్క మాటా లేదు.

ఆదివారం ఉదయం హఫీజ్‌పేటలోని కల్వరి టెంపుల్‌కు వేలమంది తరలివస్తారు. ఆ చుట్టుపక్కల కాలనీల్లో, అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లో చిన్నచిన్న ప్రార్థన మందిరాలు కూడా ఉన్నాయి. పేతురు గురించీ యూదా గురించీ వినని విశ్వాసి ఉండడు. ఈ కుండ మనిషి దగ్గర ఆగే ప్రసంగం మాత్రం అరుదు.

ఆగి చూస్తే మొదట వచ్చే సందేహం ఇదే... పండుగ రద్దీతో కిక్కిరిసిన పట్నంలో ఒక్క మనిషిని గుర్తుపట్టడం ఎలా? దీనికి ఎక్కువమంది వ్యాఖ్యాతలు చెప్పే జవాబు తెలుగువాళ్లకు చప్పున అర్థమవుతుంది. కుండతో నీళ్లు మోయడం ఆ రోజుల్లో ఆడవాళ్ల పని. బైబిల్లోనే చూడండి... బావి దగ్గర రిబ్కా భుజాన కుండ ఉంటుంది. సమరయ స్త్రీ తన కుండను బావి దగ్గరే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తుతుంది. మగవాళ్లు మోస్తే తోలుతిత్తుల్లో మోసేవారట. మన పల్లెల్లోనూ అంతే కదా! చంకన బిందె ఆడవాళ్లది, భుజాన కావడి మగవాళ్లది. పాత హైదరాబాద్‌లో నీళ్లు పోసిన భిస్తీల దగ్గరుండేదీ తోలుతిత్తే. కాబట్టి కుండ ఎత్తుకున్న మగవాడు ఎంత గుంపులో ఉన్నా కళ్లలో పడతాడు.

ఇది వట్టి ఊహ అని కొట్టిపారేయడానికి లేదు. మార్కు గ్రీకులో వాడిన మాట కెరామియోన్... అంటే మట్టికుండ. మనం ఇళ్లకు వేసుకునే సిరామిక్ టైల్స్ పేరుకూ మూలం ఆ కుటుంబమే. తోలుతిత్తికి గ్రీకులో వేరే మాట ఉంది. కొత్త ద్రాక్షారసాన్ని పాత తిత్తుల్లో పోయరని చెప్పేచోట, రెండో అధ్యాయంలో, మార్కే దాన్ని వాడాడు. తిత్తి తెలిసినవాడు ఇక్కడ కుండ అన్నాడంటే కుండే.

అయితే మగవాళ్లు కుండ ముట్టేవారే కాదని గట్టిగా అనడానికీ వీల్లేదు. యెహోషువ కాలంలో గిబియోనీయులను కట్టెలు కొట్టడానికి, నీళ్లు తోడడానికి పెట్టిన కథ ఉంది. అది మోసంతో సంధి చేసుకున్నందుకు వాళ్లకు అప్పగించిన చాకిరీ. ఆ లెక్కన మన కుండ మనిషి ఆ ఇంటి దాసుడై ఉండొచ్చు. యజమాని ఇతను కాదనడానికి సువార్తలోనే ఆధారం ఉంది. శిష్యులు ఇతని వెనక ఇంట్లోకి వెళ్లి, అక్కడ ‘ఇంటి యజమాని’తో మాట్లాడాలి. చిరునామా అయ్యింది ఒకరు, గది ఇచ్చింది మరొకరు.

ఇంకో వాదం కాస్త ఆసక్తికరంగా ఉంటుంది. యెరూషలేము నైరుతి మూలన ‘ఎస్సీనుల ద్వారం’ ఉండేదని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ఎస్సీనులు యూదుల్లో ఒక నిష్ఠాపరుల వర్గం, చాలామంది పెళ్లి చేసుకునేవారు కాదు. ఆడవాళ్లు లేని చోట మగవాళ్లే నీళ్లు తెచ్చుకోవాలి మరి! బార్గిల్ పిక్స్‌నర్ అనే బెనెడిక్టైన్ సన్యాసి 1970ల చివర్లో సీయోను కొండ దగ్గర తవ్వకాలు జరిపి, ఆ ద్వారం దొరికిందన్నాడు. మేడగది ఉందని సంప్రదాయం చెప్పే చోటు అక్కడికి దగ్గరే. అందంగా అతికింది కానీ, ఒక చిక్కుంది. బయటివాళ్లతో కలిసి భోంచేయడానికే ఎస్సీనులు ఒప్పుకునేవారు కాదు. అలాంటివాళ్లు గలిలయ నుంచి వచ్చిన పదమూడు మందికి పండుగపూట గది ఇచ్చారంటే నమ్మడం కష్టం. ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులైతే, ఆ మనిషి మరెవరో కాదు, సువార్త రాసిన మార్కే అంటారు. వాళ్ల చర్చి మార్కు స్థాపించినదన్నది వాళ్ల నమ్మకం, కాబట్టి ఆ ముచ్చట సహజమే.

వీటన్నిటికంటే బలమైన ఆధారం అధ్యాయం వరుసలోనే ఉంది. కుండ మనిషి ప్రస్తావనకు సరిగ్గా ముందు రెండు వచనాల్లో ఏముంది? యూదా ఇస్కరియోతు ప్రధాన యాజకుల దగ్గరికి వెళ్లి బేరం కుదుర్చుకోవడం. పట్టివ్వడానికి తగిన అదను కోసం అతను చూస్తున్నాడు. భోజనం ఎక్కడో ముందే తెలిస్తే అదను అక్కడే దొరికేది. అందుకే పన్నెండుగురి ముందూ ఇంటి పేరు బయటికి రాలేదు. వెళ్లిన ఇద్దరికీ తలుపు దగ్గరికి చేరేదాకా తెలియదు. మత్తయి సువార్తలో కుండే లేదు, ‘ఫలానా మనిషి’ అని దాటేశారు. ముందే మాట్లాడుకున్న ఏర్పాటో, జరగబోయేది తెలిసి చెప్పిన మాటో, అది చదివేవారి విశ్వాసాన్ని బట్టి ఉంటుంది. ఎలా చూసినా ఆ మనిషి చేసిన పని ఒకటే... ఒక సాయంత్రం మొత్తాన్ని కాపాడటం. అదీ తనకు తెలిసి చేశాడో తెలియక చేశాడో!

ఇప్పుడు మియాపూర్ సంగతి. ఇక్కడ నీళ్లు మోసే మగవాడు ఏ రకంగానూ వింత కాదు. 1965 నుంచీ నగరానికి నీళ్లిస్తున్న మంజీరా నది పేరుతో మదీనాగూడ పక్కన పైపులైన్ రోడ్డే ఉంది. అయినా తాగడానికి క్యాను రావాల్సిందే, వేసవిలో బోర్లు అడుగంటితే వాడకానికి ట్యాంకర్ రావాల్సిందే. క్యాను 20 కిలోల పైమాటే. లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు రోజుకెన్నిసార్లు ఎక్కుతారో ఆ కుర్రాళ్లకే తెలియాలి. హైటెక్ సిటీకి వెళ్లే తొందరలో తలుపు తీసి, ఖాళీ క్యాను అందించి, డబ్బులిచ్చేసే ఇంట్లో అతని పేరు ఎంతమందికి తెలుసు? ‘వాటర్ బాయ్’ అని ఫోన్లో నంబరు దాచుకున్నవాళ్లే ఎక్కువ. మార్కు కూడా పేరు రాయలేదనుకోండి.

యెరూషలేములో ఆ మనిషి నడిచిన దారిని ఊహించవచ్చు. ఇళ్లల్లో వాననీటి తొట్లున్నా, ఊటనీరు కావాలంటే పట్నం దిగువన సిలోయము కోనేటికి వెళ్లాలి. కొండను తొలిచిన అర కిలోమీటరు పైగా పొడవున్న సొరంగం గుండా గీహోను ఊటనీరు అక్కడికి చేరుతుంది. 2004లో మురుగు పైపు మరమ్మతుకు తవ్వుతుంటే ఆ కోనేటి రాతిమెట్లు బయటపడ్డాయి. మేడగది ఉందనే సీయోను కొండ అక్కడికి నూరు మీటర్లకు పైగా ఎత్తు. ఇప్పుడు యాత్రికులకు చూపించే గది ఆ కాలానిది కాదు, మధ్యయుగంలో కట్టిన గోతిక్ కమానుల కట్టడం. ఎత్తు మాత్రం అప్పటిదే. సిలోయము నుంచే తెచ్చి ఉంటే, నిండు కుండతో అదంతా ఎక్కాడన్నమాట.

ఆ రాత్రి అదే గదిలో యేసు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగారని యోహాను సువార్త చెబుతుంది. నీళ్లు ఎక్కడివో యోహాను రాయలేదు, కుండ మనిషి అతని సువార్తలో లేనే లేడు. ఏటా పవిత్ర గురువారం సాయంత్రం కతోలిక గుళ్లలో గురువు మోకాళ్ల మీద కూర్చుని పన్నెండుమంది పాదాలు కడుగుతాడు. పళ్లెం, తువ్వాలు, నీళ్లు నింపిన చెంబు అప్పటికే పీఠం పక్కన సిద్ధంగా ఉంటాయి.