పట్టిక పక్కన నియమం

ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌పై గణాంకాల సంచికను రూపొందించేవారు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: లెక్క ఏ నియమం ప్రకారం? పట్టికలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, నియమం మారితే ఫలితమే తారుమారు కావచ్చు.

1988-89 సీజన్‌నే చూడండి. ఆఖరి మ్యాచ్‌లో, 1989 మే 26న, ఆర్సెనల్ 2-0తో లివర్‌పూల్‌ను దాని సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే ఓడించింది. దాంతో రెండు జట్లకూ 76 పాయింట్లే. ఆర్సెనల్ 73 గోల్స్ చేసి 36 సమర్పించుకుంది. లివర్‌పూల్ 65 చేసి 28 సమర్పించుకుంది. తేడా రెండింటికీ 37. ఎక్కువ గోల్స్ చేసినందుకు టైటిల్ ఆర్సెనల్‌కు దక్కింది. 1976 దాకా అమలులో ఉన్న పాత పద్ధతిలోనైతే చేసిన గోల్స్‌ను సమర్పించుకున్న గోల్స్‌తో భాగించేవారు. ఆ లెక్కన లివర్‌పూల్‌కు 2.32, ఆర్సెనల్‌కు 2.03. అవే మ్యాచ్‌లు, అవే గోల్స్. విజేత మాత్రం లివర్‌పూల్.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండో ప్రశ్న. లీగ్ పోటీలు 1888లోనే ఆరంభమయ్యాయి. ప్రీమియర్ లీగ్ పుట్టిన 1992 నుంచే రికార్డులు లెక్కిస్తే, అంతకుముందు లివర్‌పూల్ గెలిచిన 18 టైటిళ్లు ఆ పట్టికలో కనిపించవు.

ఎన్నికల ఫలితాలను గమనించేవారికి ఇది కొత్త సంగతి కాదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో భాజపాకు వచ్చిన ఓట్లు సుమారు 31 శాతం. గెలిచిన సీట్లు 282. రెండు అంకెలూ నిజమే, రెండూ చెప్పే కథలు వేరు. ఒక్కదాన్నే అచ్చువేసిన సంపాదకుడు తీర్పు చెప్పేసినట్టే. ఫుట్‌బాల్ సంచికకైనా అదే వర్తిస్తుంది. పట్టిక పక్కనే నియమాన్నీ అచ్చువేస్తే, ఆ తీర్పును సరిచూసుకునే హక్కు పాఠకుడికి మిగులుతుంది.