మూత బిర్రుగా పట్టే డబ్బా

ఆదివారం వంటింటి అలమర సర్దాను. మేరీ కోండో పద్ధతిలో ఒక రకం సామానంతా ఒకేచోట పోసి, ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, సంతోషాన్నిస్తోందా అని చూసుకోవాలి. స్టీలు సామానుతో సగం హాలు నిండింది. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు. ఒక్కో జత కుదిరినప్పుడల్లా ఎంత హాయో, చెబితే నవ్వుతారు.

అన్నిటికన్నా అడుగున పెళ్లిలో వచ్చిన డబ్బా. చుక్కచుక్కలుగా చెక్కిన మా ఇద్దరి పేర్లు, తేదీ. విడాకులై రెండేళ్లు. సంతోషమా? అబ్బే. పాత సామాన్ల సంచిలో వేసి, తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీశాను. ఇంత బిర్రుగా మూత పట్టే డబ్బా ఇంట్లో ఇంకోటి లేదు మరి.

తోమి, ఆరబెట్టి, కందిపప్పు పోశాను. పేర్లు గోడవైపు. సాయంత్రం ఊరికే రెండుసార్లు అలమర తలుపు తీసి చూసుకున్నాను.