మా అక్క కోసం చాక్లెట్ సత్తు



ఈసారి మందుల గురించి కాకుండా ఒక తీపి పదార్థం గురించి రాస్తున్నాను. దీనికి ఓవెన్ అక్కరలేదు, పాకం పట్టే పని లేదు. పది పన్నెండు మంది ఒకచోట కూర్చుని, పండ్ల ముక్కలు అద్దుకుంటూ తినవచ్చు. జీవితమంతా చక్కెర తగ్గించమని చెప్పిన డాక్టరు తీపి వంట నేర్పడమేమిటని మీకు అనిపించవచ్చు. దీని వెనుక నేను చేసిన ఒక పొరపాటు ఉంది. ముందుగా అది చెప్పడం న్యాయం.

మాది కోరుట్ల. ఉద్యోగం, ప్రాక్టీసు అంతా జగిత్యాలలో గడిచాయి. మా అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. బావ మరమగ్గం నడిపేవాడు, అక్క ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఎన్ని పనులున్నా సద్దుల బతుకమ్మకు మాత్రం పుట్టింటికి వచ్చేది. బతుకమ్మను చెరువులో సాగనంపిన తరువాత ఆడవాళ్లందరూ గట్టు మీద కూర్చుని డబ్బాలు విప్పుతారు. నువ్వుల సత్తు, పల్లి సత్తు, కొబ్బరి సత్తు, మలీద ముద్దలు. ఒకరి డబ్బాలోది మరొకరి చేతిలోకి వెళుతుంది. ఎవరింటిది ఎవరు తిన్నారో లెక్క ఉండదు. ఆ పంచుకోవడమే పండుగ.

అక్కకు మధుమేహం బయటపడిన రెండో ఏడు, ఆ గట్టు మీద ఆమె చేతిలోని మలీద ముద్దను నేను అందరి ముందు తీసేశాను. "నీకు ఇది విషం" అని కూడా అన్నాను. డాక్టరుగా నా కర్తవ్యం నెరవేర్చానని అనుకున్నాను. అక్క ఏమీ అనలేదు. మరుసటి ఏడు మోకాళ్ల నొప్పులని చెప్పి పండుగకు రాలేదు.

ఆ చలికాలంలో మేనకోడలు ఫోన్ చేసింది. అక్క కాలి చిటికెన వేలి దగ్గర పుండు మానడం లేదట. నేను వెళ్లేసరికి వేలు నల్లబడింది. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 11 దాటి ఉంది. బీడీ ఆకుల గంప వెనుక చాక్లెట్ల డబ్బా దొరికింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారికి ఆ డబ్బా గురించి నేను వివరించనక్కరలేదు. గల్ఫ్ నుంచి ఎవరు వచ్చినా పెట్టెలో సబ్బులు, సెంటు సీసాలతో పాటు చాక్లెట్లు ఉంటాయి. మేనల్లుడు దుబాయి నుంచి తెచ్చినవే అవి.

"అందరి ముందట ముద్ద గుంజుకుంటివి గద తమ్మీ. గందుకే ఎవ్వలు లేనప్పుడు తిన్న" అంది అక్క.

వేలు తీసివేయవలసి వచ్చింది. దానికి చాక్లెట్లే కారణమని నేను అనను. ఏళ్ల తరబడి అదుపు లేని చక్కెర, స్పర్శ తగ్గిన పాదం, చెప్పులు లేని నడక అన్నీ కలిసి తెచ్చిన ముప్పు అది. అయితే తిండిని నా నుంచి దాచడం అలవాటైన మనిషి పుండును కూడా దాచింది. ఆ దాపరికం నేర్పింది నేనే.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. తీపిని నిషేధించే బదులు దానికి ఒక కొలత పెట్టాలని నిశ్చయించుకున్నాను. పెద్దలు రోజుకు 25 గ్రాములలోపు, అంటే సుమారు ఆరు టీస్పూన్ల చక్కెరకు పరిమితం కావడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మనం టీలో వేసుకునేది, బిస్కెట్లలో ఉండేది, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బెల్లం ప్రమాదం లేనిదనే నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. రక్తం దానికీ దీనికీ పెద్ద తేడా చూపదు.

అమెరికా నుంచి వచ్చిన మా మనవరాలు ఒకరోజు చాక్లెట్ డిప్ చేసి చూపింది. క్రీమ్ చీజ్, వెన్న, చక్కెర పొడి, చాక్లెట్ ముక్కలు కలిపి చిలికి, గిన్నె మధ్యలో పెట్టి, చుట్టూ బిస్కెట్లు పేర్చింది. చాలా రుచిగా ఉంది, అంత ప్రమాదకరంగానూ ఉంది. దాన్ని చూస్తుంటే నాకు పల్లి సత్తు గుర్తుకు వచ్చింది. ఇటలీలో 1964లో అమ్మకానికి వచ్చిన నుటెల్లా కూడా గింజల ముద్దలో కోకో కలిపినదే. అందులో సగానికి పైగా చక్కెర ఉంటుంది. వాళ్ల హేజల్‌నట్‌కు బదులు మన పల్లీలు ఉన్నాయి కదా అనిపించింది. రెండు మూడు సార్లు చెడగొట్టిన తరువాత ఈ కొలత కుదిరింది.

వేయించి పొట్టు తీసిన పల్లీలు 150 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరాలు పది, చక్కెర కలపని కోకో పొడి మూడు పెద్ద చెంచాలు, గట్టి పెరుగు పావు కిలో, చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి తీసుకోండి. అర కిలో పెరుగును పలుచని నూలు బట్టలో మూటకట్టి, ఫ్రిజ్‌లో జల్లెడ మీద రాత్రంతా ఉంచితే నీరు దిగిపోయి దాదాపు ఆ పరిమాణం వస్తుంది. ఖర్జూరాలను వేడినీటిలో పావుగంట నానబెట్టండి. కోకో పొడిని నాలుగు చెంచాల వేడినీటితో ఉండలు లేకుండా కలపండి. పొడిగా వేస్తే నాలుకకు గరుకుగా తగులుతుంది. పల్లీలను మిక్సీలో ఆపి ఆపి, నూనె వదిలి ముద్దయ్యే వరకు తిప్పండి. ఖర్జూరాలు, కోకో, ఉప్పు, ఏలకుల పొడి వేసి మళ్లీ తిప్పండి. చివరగా పెరుగును మిక్సీలో కాకుండా గరిటెతో కలపండి. మిక్సీలో వేస్తే పలుచబడుతుంది.

ఇది పన్నెండు మందికి సరిపోతుంది. ఒక్కొక్కరికి రెండు పెద్ద చెంచాలు. ఆ వంతులో సుమారు 110 కిలోకేలరీలు, ఖర్జూరం నుంచి వచ్చే చక్కెర నాలుగు గ్రాముల వరకు ఉంటాయి. అద్దుకోవడానికి బిస్కెట్లు వద్దు. జామ ముక్కలు, ఆపిల్ ముక్కలు, పెనం మీద కరకరలాడేలా కాల్చి విరిచిన జొన్నరొట్టె చాలా బాగుంటాయి. మధుమేహం ఉన్నవారు రెండు మూడు ముక్కలతో ఆపాలి. దీన్ని భోజనానికి అదనంగా కాక, ఆ పూట అన్నం కొంత తగ్గించి తినాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పల్లీలు పడనివారు దీన్ని ముట్టవద్దు. బూజు వాసన వచ్చే, ముడుచుకుపోయిన పల్లీలు వాడవద్దు. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు, కిడ్నీలో రాళ్లు ఉన్నవారు కోకో, పల్లీల విషయంలో తమ డాక్టరును అడగాలి. డ్రింకింగ్ చాక్లెట్ పొడిని కోకో పొడి అనుకుని కొనవద్దు, అందులో చక్కెర ఉంటుంది. ఇందులో పెరుగు ఉన్నందున రెండు గంటలకు మించి బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజుల్లో ముగించండి.

మరొక మాట. కొరికిన ముక్కను మళ్లీ గిన్నెలో ముంచితే దాన్ని మన పెద్దలు ఎంగిలి అన్నారు. అది చాదస్తం కాదు. జలుబు నుంచి కడుపులో ఉండే హెలికోబాక్టర్ క్రిమి వరకు లాలాజలంతో వ్యాపించగలవు. అందుకే మా ఇంట్లో గిన్నె ఒకటే ఉన్నా, ఎవరి వంతు వారి చిన్న కప్పులో వడ్డిస్తాం. దీనివల్ల మరో మేలు కూడా ఉంది. ఎవరి కొలత వారి కళ్ల ముందే ఉంటుంది, అందరిదీ ఒకే కొలత కాబట్టి ఎవరినీ వేరుగా చూసినట్టు ఉండదు.

కిందటి సద్దులకు అక్క వచ్చింది. కాలికి మెత్తటి చెప్పులు, చేతిలో తన డబ్బా. చెరువు గట్టు మీద మలీద, సత్తుల మధ్య ఈ చాక్లెట్ కప్పులు కూడా పెట్టాం. అక్క ఒక కప్పు అందుకుని జామ ముక్క అద్దుకుంది. నేను ఆమె చేతి వంక చూస్తున్నానని గమనించినట్టుంది.

"ఏంది తమ్మీ, గుంజుకుంటవా?" అంది నవ్వుతూ.

పక్కనున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నేను కూడా ఒక కప్పు తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మరునాడు ఉదయం ఆమె చక్కెర చూశాం, పరగడుపున 128 ఉంది. కానీ ఆ అంకె కంటే నాకు ఎక్కువ ఊరటనిచ్చింది మరొకటి. ఆ రోజు ఏమేమి తిన్నదో అక్క తానే, నేను అడగకముందే, దాచకుండా చెప్పింది. పావు మలీద ముద్ద కూడా తిన్నదట.

మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారు ఉంటే, ఈ పండుగకు వారి పళ్లెం లాక్కోకండి. వారితో పాటు మీరూ కొలిచి తినండి. వారి పాదాలను మాత్రం రోజూ ఒకసారి చూడండి.