ముగ్గు చేసిన నేరమా?

"వాడి చేత ముగ్గులు వేయించావుగా, అనుభవించు" అన్నారు మా అత్తగారు. 2019 దసరా సెలవుల్లో, అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు. ముందురోజు రాత్రే హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చిన నా రెండో బిడ్డ, పందొమ్మిదేళ్లు, నా పక్కన పడుకుని మెల్లగా చెప్పింది: "అమ్మా, నేను నీ కొడుకుని కాను. చిన్నప్పట్నుంచీ కూతుర్నే."

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఎక్స్, వై క్రోమోజోముల బొమ్మ పాతికేళ్లుగా బోర్డు మీద గీస్తున్నా. ఇంట్లో మాత్రం నా సిద్ధాంతం వేరు. ఆడామగా తేడా అంతా పెంపకమేనని నమ్మాను. పెద్దమ్మాయికి సైకిలు తొక్కడం, ఫ్యూజు వేయడం నేర్పా. రెండో బిడ్డకు, అప్పటి నా లెక్కలో కొడుక్కి, చపాతీలు ఒత్తడం, చుక్కలు పెట్టి ముగ్గు కలపడం నేర్పా.

అలా నమ్మడానికి ఆధారాలూ కనిపించేవి. నలభీమపాకం అంటాం, ఇద్దరూ మగవాళ్లే. పెళ్లిలో ఐదొందల మందికి వండి వార్చే వంటమాస్టరు ఇంట్లో కాఫీ కూడా కలుపుకోడు. కూచిపూడి భాగవతుల్లో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లదే. వేదాంతం సత్యనారాయణ శర్మ పేరు మోగిపోయింది ఆ వేషంతోనే. మన పిలుపులే చూడండి. కూతుర్ని ముద్దుగా "ఏరా" అంటాం. కొడుకుని "ఏమే" అంటే అది తిట్టు. ఇవేవీ హార్మోన్లు నేర్పినవి కావు.

అత్తగారి మాటతో ఆ సిద్ధాంతమే నా మెడకు చుట్టుకుంది. అంతా పెంపకమే అయితే, ఇదీ నా పెంపకమే కదా! మావారు పైకేమీ అనలేదు. ముగ్గుడబ్బా మాత్రం అటకెక్కింది.

ఆ రోజుల్లోనే కెనడా కవలల కథ వివరంగా చదివాను. 1965లో విన్నిపెగ్‌లో పుట్టిన, ఒకే పోలికతో ఉన్న మగపిల్లలు. పసితనంలో సున్తీ చేస్తుండగా పరికరం వికటించి ఒకరి అంగం కాలిపోయింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే మనస్తత్వవేత్త జాన్ మనీ ఆ బిడ్డను ఆడపిల్లగా పెంచేయమన్నాడు. రెండేళ్లు నిండకముందే ఆపరేషన్. బ్రెండా అని పేరు, గౌన్లు, బొమ్మలు, పన్నెండో ఏట ఈస్ట్రోజెన్. ప్రయోగం ఫలించిందని మనీ 1970ల్లో లోకానికి చాటాడు. పిల్ల మాత్రం గౌను తొడిగితే పీకి పారేసేదట. 1980లో తండ్రి నిజం చెప్పాక డేవిడ్ అయ్యాడు. 2004లో, 38వ ఏట, ప్రాణం తీసుకున్నాడు.

డాక్టర్లు, మందులు, కన్నవాళ్లు కలిసి అన్నేళ్లు పట్టుబట్టినా మారనిది, నా పిడికెడు ముగ్గుపిండికి మారిందా? అత్తగారిని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఎందుకంటే నాకూ పూర్తి ఊరట దొరకలేదు. అలాంటి ప్రమాదమే జరిగిన మరో కెనడా బిడ్డ ఆడపిల్లగా పెరిగి స్త్రీగానే స్థిరపడినట్టు 1998లో ప్రచురించారు. గర్భంలో ఆండ్రోజెన్లు ఎక్కువగా సోకిన ఆడపిల్లలు మగపిల్లల ఆటవస్తువుల వైపు ఎక్కువ మొగ్గుతారు. కానీ వాళ్లలో చాలామంది తాము ఆడవాళ్లమనే చెబుతారు. అంటే చేసే పని వేరు, నేనెవరన్న ఎరుక వేరు. నేనా రెండూ ఒకే సంచిలో వేసుకుని తిరిగాను. ఆ ఎరుకను నిర్ణయించే ఒక్క జన్యువంటూ ఎవరికీ దొరకలేదు. పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక్క కారణం కోసం వెతికాను. తనేమో కారణం అడగలేదు, నమ్మమని అడిగింది.

ఎవరి జెండర్‌ను వాళ్లే చెప్పుకోవచ్చని, ఆపరేషన్ షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2014లోనే అంది. ఆ తీర్పు మా ఇంటి దాకా రావడానికి చాలా కాలం పట్టింది. క్రియ చివర "డు" తీసి "ది" పెట్టడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ కోపమొస్తే పాత పేరే ముందొస్తుంది. తను పలకదు.

2024 సంక్రాంతికి చీర కట్టుకుని వచ్చింది. అటక మీది డబ్బా తనే దించుకుంది. అత్తగారు తెల్లవారకుండానే అరుగు మీద చేరి, ఒక్క మాటా లేకుండా చూస్తూ కూర్చున్నారు. పదిహేను చుక్కల ముగ్గు సగమయ్యాక ఉండబట్టలేక అన్నారు: "ఏమే, ఆ గీత వంకర పోతోంది, చూసుకో."

తిట్టారో, మనవరాల్ని పిలిచారో తెలియలేదు. నేను అడగలేదు. తను గీత చెరిపి మళ్లీ వేసింది.