కారవాన్ లేకపోతేనేం?

పక్కలు, పొయ్యి ఉన్న బండిని కారవాన్ అంటారట. అందులో అడవికెళ్దామని పిల్లల గొడవ. అద్దె వింటే గుండె గుభేలుమంది. "వచ్చే ఏడు చూద్దాం" అంటారు మావారు. అలా అంటూండగానే పెద్దాడు టెన్త్‌కొచ్చేశాడు!

మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మరిదిగారి వ్యాన్‌లో చాప, పులిహోర, దద్దోజనం సర్దుకుని బయల్దేరాం. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం దగ్గరే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటస్థలం, 1994 నుంచి జాతీయ ఉద్యానవనం. 3,600 ఎకరాలు! గేటు బయట వ్యాన్‌లోనే తినేశాం. ప్లాస్టిక్ తింటే జింకల ప్రాణానికే ముప్పు కదా, కవర్లన్నీ వ్యాన్‌లోనే మూటగట్టాం. లోపల కృష్ణజింకలు కనిపించగానే అందరికంటే ముందు కేకేసింది మావారే!

రాత్రికి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాం. కారవాన్ కోసం ఆగకండి వదినలూ, పిల్లల ఎదుగుదల ఆగదుగా!